చెప్పుల పిల్ల చోటు

తనని పై వార్డుకి తీసుకెళ్ళే ముందు నా కూతురు నాకు రెండు పనులు అప్పజెప్పింది. పిల్లని చూసుకోమంది. ఫోన్లో ఉన్న గ్రూపులో తన చోటు పోకుండా చూడమంది. మొదటిది నాకు కొత్త కాదు, ఒకదాన్ని పెంచినదాన్నే. రెండోదానితోనే ఆ వానాకాలమంతా నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ముందు ఆ గ్రూపు సంగతి చెప్పాలి. జబ్బు భయంతో ఊరు ఊరంతా తలుపులు బిడాయించుకున్న రోజులు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఆస్పత్రి గడప తొక్కాలన్నా భయమే, ఎవరైనా తమ గడప తొక్కినా భయమే. పురుళ్ళ వార్డులో పనిచేసే ఒక నర్సు, కడుపుతో ఉన్నవాళ్ళనీ కొత్త తల్లుల్నీ కొంతమందిని కూడగట్టి ఫోన్లో గ్రూపు పెట్టింది. ఆవిడని అందరూ సిస్టరు అంటారు. పేర్లు వాడొద్దని ఆవిడ నియమం. చేసే పనిని బట్టి ముద్దుపేర్లే. మా అమ్మాయి చెప్పుల షాపులో అమ్మకాల పిల్ల, అందుకని చెప్పుల పిల్ల. ఒక్కొక్కరికి ఒక జోడీ ఉంటుంది. మా దాని జోడీ బళ్ళో లెక్కలు చెప్పే ఆవిడ, లెక్కల టీచరు.

రోజూ పొద్దున్న సిస్టరు ఒకే ప్రశ్న పెడుతుంది. ఈ రోజు కుండ ఎంత? మనిషంటే కుండ అన్నమాట. జవాబుకి మూడు మాటలే: నిండు, సగం, ఖాళీ. నిండు అని పెడితే అందరూ ఏంటి సంగతి, ఏంటి సంగతి అని చుట్టుముడతారు. ఖాళీ అని పెడితే జోడీ వెంటనే ఫోన్ చేసి మాట్లాడాలి. సగం అన్నవాళ్ళని ఎవరూ కదిలించరు.

మొదట్లో నాకది నవ్వులాట. నేను ఒక హోటల్ లాండ్రీలో దుప్పట్లకి ఇస్త్రీ చేసేదాన్ని. హోటలు మూతపడి ఇంట్లో కూర్చున్నాను కదా, దాన్ని ఆడిపోసుకోవడమే పని.

"నిన్ను కన్నప్పుడు కుండ ఎంత అని నన్నెవరూ అడగలేదే," అన్నాను ఒకరోజు.

"అందుకే నువ్విలా తయారయ్యావు," అంది అది, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

దాని నోరు నా నోరే. ఎక్కడికి పోతుంది.

మా అల్లుడు లారీ డ్రైవరు. సరుకుతో వెళ్ళినవాడు సరిహద్దు మూసేయడంతో అవతలే చిక్కుకుపోయాడు. ఇంట్లో మేమిద్దరమే. వానలు మొదలైన వారంలో దానికి జ్వరం తగిలింది. ఇంకా నెలలు నిండలేదు. ఆయాసం ఎక్కువైతే ఆస్పత్రిలో చేర్చాను, గేటు దగ్గర దాన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి నన్ను బయటే ఆపేశారు. ఆపరేషన్ చేసి పిల్లని తీశారు. పిల్లకి జబ్బు లేదని పరీక్షలో తేలింది, లోపల ఉంటే అంటుకుంటుందని నాకు అదే గేటు దగ్గర అందించారు. ఆడపిల్ల. తల్లి మొహం చూడకుండా నా చేతికొచ్చింది. దుప్పటి మడతలో పిల్లేదో దుప్పటేదో తెలియనంత చిన్నది.

నేను పిల్లని గుండెకి హత్తుకుని గేటు పక్క రేకు కింద వానలో నిలబడి ఉండగానే నా ఫోను మోగింది. అమ్మాయే.

"చూశావా దాన్ని?" అంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది.

"చూశాను. నీ ముక్కే. ఏం చేస్తాం."

నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. తర్వాత అంది, "అమ్మా, నన్ను పై వార్డుకి మారుస్తున్నారు. అక్కడ ఫోన్లు ఉంచుకోనివ్వరట. నా ఫోను కవర్లో పెట్టి కిందికి పంపిస్తున్నా. గ్రూపులో రోజూ పొద్దున్న ఒక మాట పెట్టు. నేను పెట్టినట్టే."

"నాకెందుకే అవన్నీ. నువ్వొచ్చి పెట్టుకో."

"వారం పాటు పలక్కపోతే తీసేస్తారు. బయట చాలామంది కాసుక్కూచున్నారు చోటు కోసం."

"తీసేస్తే మళ్ళీ చేరుదువులే. అదేమన్నా సింహాసనమా."

"మళ్ళీ దొరకదమ్మా." కాసేపు ఊపిరి పీల్చుకుంది. "మీ అల్లుడు అక్కడ చిక్కుకుపోయాక నేను పిచ్చిదాన్నవకుండా ఉన్నది వాళ్ళ వల్లే. నేనొచ్చేసరికి నా చోటు ఉండాలి."

"సరే, నేను చెప్పుల పిల్ల అమ్మనని చెప్పి పెడతాను."

"వద్దు. తల్లులకి తప్ప వేరేవాళ్ళకి చోటులేదు."

"నేను తల్లిని కానా?"

"కొత్త తల్లులకి. నువ్వు పాతబడిపోయావు." అని, మళ్ళీ అంది, "జబ్బు సంగతి కూడా ఎత్తకు. అందరూ కడుపుతో ఉన్నవాళ్ళు, హడిలిపోతారు. నేనొచ్చాక నేనే చెప్పుకుంటా. మాటివ్వు."

ఇచ్చాను. ఆ మాత్రం దానికి ఎందుకంత బతిమాలుతోందో అప్పుడు నాకు అర్థం కాలేదు. తను తిరిగొస్తానన్న నమ్మకాన్ని దాచుకోవడానికి దానికి ఇంకో చోటు లేదు, అంతే.

నాకు ఒక వేలితో తప్ప రాయడం రాదు. "పాప పుట్టింది బాగుంది" అని రాయడానికి పిల్ల ఒక పాలసీసా తాగేంత సేపు పట్టింది. గ్రూపంతా సంబరపడిపోయింది. లెక్కల టీచరు వెంటనే ఫోన్ చేసింది. నా గొంతు పోల్చేస్తుందని ఎత్తకుండా ఊరుకున్నాను. "గొంతు పోయింది, తర్వాత మాట్లాడతా" అని రాసి పెట్టాను. అప్పటినుంచి సగం ఒక్కటే నా మంత్రం. పొద్దున్నే లేవడం, పిల్లకి సీసా కడిగి మరిగించడం, అది మరిగేలోపు ఆ ఫోను తీసి సగం అని కొట్టడం. తర్వాత ఆస్పత్రికి ఫోన్ చేసి పై వార్డు సంగతి అడగడం. వాళ్ళూ రోజూ ఒకే మాట చెప్పేవాళ్ళు: అలాగే ఉంది.

ఒకరోజు మాత్రం ఆస్పత్రివాళ్ళు మాట మార్చారు. అమ్మాయి కళ్ళు తెరిచిందట, ఆక్సిజన్ కొంచెం తగ్గించారట, పిల్ల ఎలా ఉందని చేత్తో సైగ చేసి అడిగిందట. నా ఒళ్ళు నాకు తెలియలేదు. పిల్లని ఎత్తుకుని గదంతా తిరిగాను. ఆ ఊపులో ఫోను తీసి నిండు అని పెట్టేశాను.

ఇక చూడాలి. ఏమైందని ఒకరు, పాలు బాగా పడ్డాయా అని ఒకరు, మీ ఆయన వచ్చేశాడా అని ఇంకొకరు. లెక్కల టీచరు రాసింది, "నువ్వు నిండు అంటే నాకు సగం దిగులు తగ్గింది. చెప్పు, ఏంటి సంగతి?" ఏం చెప్పను? "పిల్ల నవ్వింది" అని రాశాను. అన్ని రోజుల పిల్ల నవ్వుతుందా, నిద్రలో పెదవి కదిపిందంతే. అయినా అందరూ నమ్మారు.

మర్నాటికి పై వార్డులో అది మళ్ళీ స్పృహ తప్పిందట. నా కొంప నేనే ముంచుకున్నాననిపించింది. తొందరపడి నోరు జారినవాళ్ళకి ఇలాగే అవుతుందని మా అమ్మ అనేది. నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాదు, ఆ వారం మాత్రం నమ్మాను. మళ్ళీ ఆ మాట ముట్టుకోలేదు.

అమ్మాయి పోయిందని ఫోనొచ్చిన పొద్దున నేను సగం పెట్టేసి సీసా తుడుస్తున్నాను. ఎవరో మగగొంతు. నా కూతురి పేరు చెప్పి, ఆవిడ మీకేమవుతారని అడిగాడు. చెప్పాను. "ఇంట్లో మగవాళ్ళున్నారా?" అన్నాడు. లేరు, నాకే చెప్పమన్నాను. చెప్పాడు. నేను సరేనన్నాను. సరే అని ఎందుకన్నానో, ఎవరైనా ఫోన్లో ఏదైనా చెబితే సరే అనడం అలవాటు కదా. సీసా తడి ఆరేదాకా తుడిచి మూత పెట్టాను.

చూడనివ్వలేదు. పక్కింటామె పిల్లని పిట్టగోడ మీదుగా అందుకుంటే, నేను అదే గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. బండిలో తీసుకెళ్ళేటప్పుడు దూరం నుంచి దండం పెట్టుకోమన్నారు. లోపలి నుంచి రెండు బండ్లు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, అద్దాలన్నీ మూసి. ఏ బండో చెప్పమని కాపలావాణ్ణి అడిగాను. అతనికీ తెలియదు. రెండిటికీ దండం పెట్టాను. రెండోదానికి పెడుతున్నప్పుడు, మొదటిదాంట్లో ఉందేమో, ఆ దండం సరిగ్గా పెట్టానా అని దిగులు పట్టుకుంది. ఆ దిగులు ఇంకా ఉంది.

మర్నాడు పొద్దున్న ఫోను టింగుమంది. ఈ రోజు కుండ ఎంత?

చాలాసేపు దానివంక చూశాను. తర్వాత సగం అని పెట్టాను.

అల్లుడు వచ్చేసరికి అంతా అయిపోయింది. సరిహద్దు దగ్గర లారీ వదిలేసి, నడిచీ ఎక్కీ దిగీ, ఎలా వచ్చాడో ఏమో, గడ్డం మాసి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాకుండా బయటే కాళ్ళు చేతులు కడుక్కున్నాడు, కడిగిన చోటే మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాడు. పిల్లని ఎత్తుకోవడానికి భయపడ్డాడు. నేనే తెచ్చి చేతుల్లో పెట్టాను. ఏడవలేదు. పిల్ల ముక్కు మాత్రం అదేపనిగా చూశాడు.

కొన్నాళ్ళకి నేను ఫోన్లో అక్షరాలు కొట్టుకోవడం కనిపెట్టాడు.

"అత్తయ్యా, అది దాని ఫోను కదా. ఎవరికి రాస్తున్నారు?"

చెప్పాను. అంతా విన్నాడు.

"మనిషి లేదని వాళ్ళకి తెలీదా?"

"తెలీదు."

"తప్పు కదండీ."

"చోటు ఉంచమంది, ఉంచాను. పోయాక వదిలేయమని నాకు చెప్పలేదు."

నాతో వాదించి గెలిచినవాళ్ళు లేరని అతనికి పెళ్ళినాడే తెలుసు. లేచి పిల్ల బట్టలు ఆరేయడానికి వెళ్ళాడు. కానీ మర్నాడు పొద్దున్న నేను పొయ్యి దగ్గరుంటే, గోడవైపు తిరిగి పడుకునే అడిగాడు.

"పెట్టారా?"

"పెట్టాను."

అప్పటినుంచి రోజూ అడిగేవాడు. టీ తాగారా అన్నట్టు అడిగేవాడు. ఇంట్లో దాని మాట ఎత్తే ధైర్యం ఇద్దరికీ లేదు. మేము దాని గురించి మాట్లాడుకున్నది రోజుకి ఆ రెండు మాటలే.

పిల్ల ఒళ్ళు చేయలేదు. పాలు తాగుతూ తాగుతూ పొరబోయి కక్కేసేది. గ్రూపులో రాస్తే సిస్టరు వీడియోలో చూపించమంది. మొహాలు చూపించక్కర్లేదని ఆ గ్రూపులో ఒక పద్ధతి ఉంది, తల దువ్వుకునే తీరిక ఎవరికీ ఉండదని. పిల్లా చేతులూ కనబడితే చాలు. నాకు ఆ చేతులతోనే వచ్చింది చిక్కు. ఇరవయ్యేళ్ళ పిల్ల చేతులా ఇవి? ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చలు, ఆవిరికి ముడతలు పడ్డ వేళ్ళు. అమ్మాయి పొడుగు చేతుల చొక్కా ఒకటి వేసుకుని, మణికట్టు దాకా లాక్కుని కూర్చున్నాను. అల్లుడు మైకు మూసి ఫోను పట్టుకున్నాడు.

సిస్టరు గొంతు మెత్తగా ఉంది. తెర మీద పిల్లా, నా వేళ్ళూ తప్ప ఆవిడకి చూడ్డానికి ఇంకేం లేదు.

"పట్టుకోవడం బాగానే ఉంది," అంది చివరికి. "సీసా అంత నిటారుగా ఎత్తకు. అడ్డంగా పట్టుకో. పిల్ల లాగినప్పుడే పాలు రావాలి. తల కొంచెం పైకి. అదీ."

పిల్ల పొరబోకుండా తాగింది. నేను ఒకదాన్ని పెంచినదాన్నే, అయినా ఈ ముక్క తెలియదు.

"చేతులు మరీ ఎండిపోయినట్టున్నాయి. తింటున్నావా?" అంది సిస్టరు.

తింటున్నానని అల్లుడి చేత రాయించాను. ఆవిడకి తెలిసిపోయిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

పిల్ల కోలుకుంది. బుగ్గలు వచ్చాయి. కాళ్ళు తన్నడం మొదలుపెట్టింది. సంతోషించాల్సిన మాటే. కానీ గ్రూపుకి ఇంకో నియమం ఉంది, అది నాకు అప్పుడు గుర్తొచ్చింది. పిల్ల తనంతట తాను బోర్లా పడేదాకానే తల్లికి అక్కడ చోటు. బోర్లా పడిందంటే గండం గడిచినట్టు, ఆ ఆదివారం అందరూ కలిసి ఆ తల్లిని సాగనంపుతారు. తలా ఒక మాట చెప్పి పంపిస్తారు. ఖాళీ అయిన చోటు బయట కాసుకున్న కొత్త తల్లికి ఇస్తారు. ఒక కవలల తల్లిని సాగనంపినప్పుడు నేను విన్నాను. బాగుంటుంది, పెళ్ళికూతుర్ని పంపినట్టే పంపుతారు.

మా పిల్ల ఒక పక్కకి ఒత్తిగిలడం మొదలెట్టింది. నేను అటొక దిండూ ఇటొక దిండూ పెట్టాను.

పడిపోతుందని పెట్టానని చెప్పుకున్నాను. నేల మీద చాప, దాని మీద బొంత, ఎక్కడికి పడిపోతుంది? ఒత్తిగిలినప్పుడల్లా మెల్లగా వెనక్కి తిప్పేదాన్ని. మూతి బిగించి, ముక్కి, మళ్ళీ తిరగబోయేది. మళ్ళీ తిప్పేదాన్ని. దాని మొండితనం వాళ్ళమ్మదే, నాకు తెలుసు. నాది అంతకన్నా పాత మొండితనం. గ్రూపులో లెక్కల టీచరు రాసింది, "నా బుడ్డోడు ప్రయత్నిస్తున్నాడు, మరి నీ పాప?" ఇంకా లేదని రాశాను. మళ్ళీ అడిగితే మళ్ళీ లేదన్నాను. సిస్టరు విడిగా రాసింది, ముందే పుట్టిన పిల్ల కదా, ఆలస్యమవుతుంది, అయినా ఒకసారి డాక్టరుకి చూపించమని. చూపిస్తానన్నాను.

ఒక పొద్దున్న నేను సీసా మరిగిస్తూ వెనక్కి చూస్తే అల్లుడు పిల్ల పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. దిండ్లు రెండూ తీసి తన వెనక పెట్టుకున్నాడు.

"దిండ్లెందుకు తీశావు? పడుతుంది," అన్నాను.

"పడనివ్వండి అత్తయ్యా. దానికి పడాలని ఉంది."

"నీకేం తెలుసు పిల్లల సంగతి? నెలల తరబడి లారీలో కూర్చున్నవాడివి."

ఆ మాట అనకూడదు. అన్నాను. అతను తల దించుకున్నాడు, కానీ దిండ్లు ఇవ్వలేదు.

"మీరు తిప్పుతుంటే నేను చూస్తూనే ఉన్నాను, చాలా రోజుల్నుంచీ," అన్నాడు. "నాక్కూడా మా ఆవిడ ఇంకా ఆ గ్రూపులోనే ఉన్నట్టు అనిపిస్తుంది. పొద్దున్న మీరు పెట్టానంటే అనిపిస్తుంది. కానీ దీన్నెలా ఆపుతాం?"

పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి. పిల్ల ఒత్తిగిలింది, కాలు మీద కాలు వేసింది, ఒక చెయ్యి కింద ఇరుక్కుపోయింది. ముక్కింది. తిప్పడానికి నా చేతులు వాటంతటవే లేచాయి. అల్లుడు వాటిని పట్టుకోలేదు, అడ్డం రాలేదు, ఊరికే నావంక చూశాడు. చేతులు వెనక్కి తీసుకున్నాను. పిల్ల బోర్లా పడి, తల ఎత్తి, ఇద్దరివంకా చూసి, చొల్లు కార్చుకుంటూ నవ్వింది. ఈసారి నిజంగానే నవ్వు. దాని చెయ్యి అల్లుడే మెల్లగా బయటికి లాగాడు.

ఆ రోజు కుండ ఎంత అన్నదానికి సగం అని పెట్టి, కింద రాశాను: బోర్లా పడింది.

ఆదివారం మధ్యాహ్నం సాగనంపారు. నేను నెట్ సరిగా లేదని రాసి, కెమెరా పిల్ల మీద పెట్టి, మైకు మూసి కూర్చున్నాను. అల్లుడు గోడకి ఆనుకుని వింటున్నాడు. ఒక్కొక్కరే మాట్లాడారు. చెప్పుల పిల్లా, నీ జోకులు మర్చిపోనని ఒకావిడ అంది. ఆస్పత్రికి వెళ్ళనని నేను మొండికేస్తే తిట్టి పంపించావు, నా బిడ్డ నీ చలవే అని ఇంకొకావిడ. తిట్టి మంచి చేసే బుద్ధి అది నా దగ్గర నేర్చుకుందే.

చివర లెక్కల టీచరు.

"చెప్పుల పిల్లా, నా కాళ్ళు వాచిపోయి ఏ చెప్పూ పట్టకపోతే, పాత చెప్పుల పట్టీ ఎక్కడ కోసి ఎలా వదులు చేయాలో ఫోన్లోనే పక్కనున్నట్టు చేయించావు. ఇప్పటికీ ఇంట్లో అవే వేసుకుంటున్నా. పురుడయ్యాక నువ్వు మాట తగ్గించేశావు. నామీద కోపమేమో అనుకున్నాను కొన్నాళ్ళు. కానీ రోజూ పొద్దున్న ఆ సగం కనబడేది. కనబడితే చాలు, ఉందిలే అనుకునేదాన్ని. వెళ్ళిరా. నీ పిల్లతో సుఖంగా ఉండు."

వెళ్ళిరా, వెళ్ళిరా అని అందరూ అన్నారు. గేటు దగ్గర నేను ఏ బండికి చెప్పాలో తెలియక చెప్పలేకపోయిన మాట. నా కూతుర్ని సాగనంపడం ఇదే. ఎవరిని పంపుతున్నారో పంపేవాళ్ళకి తెలియదు. నేను పైట నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. అల్లుడు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"చివరిసారి కుండ ఎంతో చెప్పి వెళ్ళు తల్లీ," అంది సిస్టరు.

ఈ ఒక్కసారి నిజం పెడదామనుకున్నాను. ఖాళీ అని పెడితే టీచరు ఫోన్ చేస్తుంది. చేయాలి, అది నియమం. చేస్తే ఎత్తుతాను. ఎత్తి, అమ్మా, నేను దాని తల్లిని అని చెబుతాను. ఒక్కరికైనా చెప్పుకుంటాను. వేలితో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటున్నాను. కళ్ళకి నీళ్ళు అడ్డం, అక్షరాలు కనబడవు.

"పాపం నెట్ లేనట్టుంది," అంది సిస్టరు. "సరేనమ్మా, జాగ్రత్త."

నేను ఖాళీ అని పూర్తిచేసి నొక్కేసరికి అది వెళ్ళలేదు. మీరిప్పుడు ఈ గ్రూపులో లేరని అడుగున రాసి ఉంది. ఇంకా నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను.

అల్లుడు మొహం కడుక్కుని లోపలికొచ్చాడు.

"పెట్టారా?" అన్నాడు.

"పెట్టాను," అన్నాను.

మర్నాడు పొద్దున్న ఫోను మోగలేదు. అల్లుడూ అడగలేదు. ఆ చోట్లో ఇప్పుడు ఎవరో కొత్త తల్లి ఉంటుంది, కుండ ఎంతో రాస్తూ ఉంటుంది, చల్లగా ఉండనీ. నా కూతురికి మాత్రం ఇక ఎక్కడా చోటు లేదు. పొయ్యి మీద సీసా మరుగుతోంది. వెనక పిల్ల ఎవరూ తిప్పకుండానే మళ్ళీ బోర్లా పడింది.